సిఫారసు ఉత్తరం రాయవచ్చునా?



పోయిన నెల ఒక ఆదివారం ఆరాధన ముగిసి అందరూ చెప్పులు వేసుకుంటుండగా మన సంఘపు సహోదరి ఒకామె కొడుకును వెంటబెట్టుకొని నా దగ్గరకు వచ్చింది. ఆమె చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో సర్టిఫికెట్లు. అబ్బాయి మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి ఏడాదిన్నర అయింది. "మాస్టారూ, కోవిల్‌పట్టిలో ఒక మిల్లులో మనుషుల్ని తీసుకుంటున్నారట. అక్కడి ఆఫీసరు మీ దగ్గర లెక్కలు చదువుకున్నవాడేనట కదా. మావాడు బుద్ధిమంతుడు, కష్టజీవి అని ఒక్క మాట రాసివ్వండి. మీ చేతిరాత చూస్తే ఆయన కాదనడు" అంది. అబ్బాయి నేల చూస్తూ నిలబడ్డాడు.

"వచ్చే ఆదివారం ఇస్తానమ్మా" అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. ఒక్క మాట రాయడానికి వారం రోజులెందుకని అనుకొని ఉంటుంది. ఆ వారమంతా నేను ఆలోచించినది మీ ముందు పెడుతున్నాను. ఇది ఆ ఒక్క తల్లి ప్రశ్న కాదు. కోవిల్‌పట్టిలోను, సాత్తూరులోను, విరుదునగర్‌లోను స్థిరపడిన మన కుటుంబాలలో పని వెతుక్కుంటున్న యౌవనస్థులు లేని ఇల్లు అరుదు. ఆ ఇళ్ళవారందరూ ఏదో ఒకనాడు ఎవరో ఒకరి గడప తొక్కి "ఒక్క మాట చెప్పండి" అని అడుగుతూనే ఉన్నారు.

ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకొని తరువాత మాట్లాడతాను. సుమారు పాతికేళ్ళ క్రితం నా దగ్గరి బంధువుల అబ్బాయి కోసం విరుదునగర్‌లో ఒక పప్పుల మండీ యజమానికి ఉత్తరం రాశాను. "నమ్మకస్థుడు, లెక్కలో దిట్ట" అని రాశాను. లెక్క సంగతి నిజమే. నమ్మకం సంగతి నాకు తెలియదు. తెలియదని తెలిసే రాశాను. వాళ్ళ నాన్న నా ఎదుట కూర్చుని ఉండగా మరో విధంగా రాయడానికి నాకు మొగమాటం అడ్డొచ్చింది. ఎనిమిది నెలలు తిరగకముందే గల్లాపెట్టెలో తేడా వచ్చింది. యజమాని పోలీసుల దగ్గరకు వెళ్ళలేదు, నన్ను ఒక్క మాట అనలేదు. అబ్బాయిని పంపేసి ఊరుకున్నాడు. ఆ తరువాతి సంవత్సరం మన సంఘంలోనే ఒక విధవరాలి కొడుకు, నిజంగా నమ్మకస్థుడు, అదే మండీలో గుమస్తా పని ఖాళీ ఉందని తెలిసి వెళ్ళాడు. నా పేరు చెప్పాడు. "ఆ మాస్టారి మనిషివా? వద్దు తమ్ముడూ" అన్నారట.

నేను ఒక్కనికి మేలు చేశాననుకున్నాను. నిజానికి ఇంకొకని అన్నం తీసి వాని ముందు పెట్టాను. పైగా ఆ ఇంకొకడు ఎవరో ఉత్తరం రాసిననాడు నాకు తెలియదు. సిఫారసులో ఉన్న చిక్కు ఇదే. మేలు పొందేవాడు మన కళ్ళ ఎదుట ఉంటాడు, నష్టపోయేవాడు కనబడడు.

అయితే సిఫారసు పూర్తిగా తప్పు, ఎవ్వరూ ఎవ్వరికీ రాయకూడదు అని తీర్మానం చేసుకొని చేతులు కడుక్కోవచ్చునా? అదీ నా మనస్సుకు ఒప్పలేదు. మత్తయి సువార్తలోని ద్రాక్షతోట కూలివారి ఉపమానం మీకు తెలిసినదే. సాయంకాలం వరకు సంత వీధిలో నిలిచినవారిని యజమానుడు ఎందుకు ఖాళీగా ఉన్నారని అడిగితే, తమను ఎవరూ కూలికి పెట్టుకోలేదని వారు చెప్పారు. యజమానుడు వారిని సోమరులని తిట్టలేదు, తోటలోకి పంపాడు. పని దొరకని ప్రతివాడు పని చేయనివాడు కాడు. అందులోను పొట్ట చేతబట్టుకొని వచ్చిన మనలాంటివారికి ఇక్కడ మేనమామలు లేరు, తాత కట్టిన కొట్లు లేవు. స్థానికుల అబ్బాయికి ఊరంతా సిఫారసే. వాని ఇంటిపేరు, వీధి పేరు చెబితే చాలు. విరుదునగర్‌లో 1903లో పుట్టిన కామరాజ్ చిన్నవయస్సులో బడి మానినప్పుడు ఆయనకు మొదటి పని దొరికింది మేనమామ బట్టల కొట్టులోనే. ఇందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదు. లోకంలో చాలామందికి మొదటి పని అలాగే దొరుకుతుంది. అలాంటి మేనమామ లేనివాని గురించి నిజం చెప్పగలవాడు ఒక్కడైనా ఉండాలి కదా? అడగనిదే అమ్మైనా అన్నం పెట్టదంటారు. అడిగిన తల్లిని మనం తప్పు పట్టలేము.

కాబట్టి ప్రశ్నను కొంచెం మార్చి అడుగుకోవాలి. రాయవచ్చునా అని కాదు, ఏమి రాయవచ్చును?

ఆలోచించగా నాకు తోచినది ఇది. సిఫారసు అనే ఒక్క మాట వెనుక రెండు వేర్వేరు పనులున్నాయి. ఒకటి సాక్ష్యం. నేను చూచినది, ఎరిగినది చెప్పడం. రెండవది ఒత్తిడి. నా మీద ఉన్న గౌరవాన్నో, మొగమాటాన్నో, పాత ఋణాన్నో వాడుకొని అవతలివాని చెయ్యి వంచడం. సాక్ష్యం వలన అవతలివానికి తెలియని సంగతి తెలుస్తుంది, తీర్పు అతని చేతిలోనే ఉంటుంది. ఒత్తిడి వలన అతనికి కొత్తగా తెలిసేది ఏమీ లేదు, తీర్పు మాత్రం అతని చేతిలోనుండి జారిపోతుంది. న్యాయస్థానంలో సాక్షి తాను చూడనిది చూచానంటే దానిని అబద్ధ సాక్ష్యం అంటాము. ఉద్యోగం కోసమైతే అదే పనిని సహాయం అంటున్నాము. పేరు మార్చినంత మాత్రాన పని మారదు.

పరిశుద్ధ గ్రంథంలోనే ఒక సిఫారసు ఉత్తరం ఉన్నదని మనం తరచు మరచిపోతాము. పౌలు ఫిలేమోనుకు రాసిన పత్రిక అది. ఒనేసిము గురించి పౌలు రాసిన తీరు చూడండి. అతడు గతంలో పనికిరానివాడుగా ఉన్న సంగతి దాచలేదు. ఇప్పుడు మారిన సంగతి తాను దగ్గరనుండి చూచి రాశాడు. అతనివలన నష్టం ఏదైనా కలిగి ఉంటే తన లెక్కలో వేయమన్నాడు. ఆజ్ఞాపించే అధికారం ఉన్నా ఆజ్ఞాపించకుండా బతిమాలాడు. నేను మండీ యజమానికి రాసిన ఉత్తరం దీని పక్కన పెట్టి చూసుకుంటే సిగ్గు వేస్తుంది. లోపం దాచాను, చూడనిది రాశాను, నష్టం వచ్చిననాడు ఒక్క రూపాయి నా లెక్కలో వేయించుకోలేదు.

ఇక మనవారికి మాత్రమే సహాయం చేయాలా అన్న ప్రశ్న. మన తెలుగు బాప్తిస్టుల చరిత్రలోనే దీనికి ఒక మంచి ఉదాహరణ ఉంది. 1876-78 నాటి గొప్ప కరువులో ఒంగోలులో ఉన్న క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడు నాలుగు మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నారు. యౌవనంలో భూమి సర్వే పని నేర్చుకున్న మనిషి కనుక ఆ పని ఆయనకు చేతనైంది. ఆకలితో ఉన్న వేలమందికి ఉచితంగా గంజి పోయించడం కాక, పని ఇచ్చి కూలి ఇచ్చారు. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి. ఆ కరువు పనులు జరుగుతున్నంతకాలం ఆయన బాప్తిస్మాలు ఆపివేశారు. కూలి కోసం సంఘంలో చేరారన్న మాట ఎవరూ అనకూడదని, చేరేవాడు తనను తాను మోసపుచ్చుకోకూడదని ఆయన ఉద్దేశం. పనులు ముగిసిన తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మన సంఘాల పుట్టుకలో ఇది పెద్ద భాగం. అంటే పనికీ విశ్వాసానికీ మధ్య ఒక గట్టు వేసి, రెండింటినీ కాపాడిన వారసత్వం మనది. "మా సంఘస్థుడు కాబట్టి తీసుకోండి" అని రాసే పెద్ద ఆ గట్టు తెగగొడుతున్నట్టే.

విరుదునగర్‌లో పుట్టి పెరిగిన మరొక పద్ధతి కూడా మనం నేర్చుకోదగినది. ఇక్కడి నాడార్ వర్తకులు ఒకప్పుడు గుడికి, బడికి, సంతకు దూరంగా ఉంచబడినవారు. వారు ఒకరినొకరు సిఫారసు చేసుకొని ఊరుకోలేదు. ప్రతి వ్యాపారి అమ్మిన సరుకు మీద ఇంత అని పక్కన పెట్టి, "మహిమై" అనే ఉమ్మడి నిధి కూడబెట్టారు. దానితో బావులు, సత్రాలు, బడులు వచ్చాయి. కామరాజ్ చదివిన క్షత్రియ విద్యాశాల కూడా ఆ వర్తక సమాజం నిలబెట్టినదే. ఆయన 1954లో ముఖ్యమంత్రి అయిన తరువాత ఊరూరా బడులు తెరిపించి, మధ్యాహ్న భోజనం పెట్టించారు. ఒక బడి పిల్లవాడు రాష్ట్రానికంతటికీ బడి తలుపులు తీశాడు. అలాగే శివకాశికి చెందిన అయ్య నాడార్, షణ్ముగ నాడార్ 1920ల ఆరంభంలో కలకత్తా వెళ్ళి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకొని వచ్చారు. కరువు నేలకు ఆ పరిశ్రమ వచ్చింది. ఉన్న వరుసలో ఒకణ్ణి ముందుకు తోయడం ఒక రకం సహాయం. వరుస అవసరం లేకుండా ఇంకో తలుపు తీయడం మరొక రకం సహాయం. మొదటిదానిలో ఒకడు గెలిస్తే ఒకడు ఓడిపోతాడు. రెండవదానిలో ఎవరూ ఓడనక్కరలేదు.

అయితే ఇదే ప్రాంతపు చరిత్రలో ఒక హెచ్చరిక కూడా ఉంది. పని దొరకడమే మేలు, ఎలాంటి పనైనా సరే అని అనుకోకూడదు. అగ్గిపెట్టెల షెడ్లలో ఏళ్ళ తరబడి పిల్లల చేతులు పని చేశాయి. 1986లో బాలకార్మిక చట్టం, 1996లో సుప్రీంకోర్టు తీర్పు రావలసి వచ్చింది. 2012 సెప్టెంబరు 5న శివకాశి దగ్గర ముదలిపట్టిలో బాణసంచా కర్మాగారం పేలి దాదాపు 40 మంది చనిపోయారు. అక్కడికి వారిని పంపినవారు కూడా "పని ఉంది, వెళ్ళు" అని ప్రేమతోనే చెప్పి ఉంటారు. ఆడపిల్లలను మూడేళ్ళు మిల్లు హాస్టల్లో ఉంచి, చివర్లో పెళ్ళి ఖర్చుకు ఒకేసారి పెద్ద మొత్తం ఇస్తామని "సుమంగళి" పేరుతో జరిగిన వ్యవహారం ఈ జిల్లాలవారికి తెలిసిందే. మధ్యలో జబ్బుపడి వచ్చేసిన పిల్లకు ఆ మొత్తం ఎగిరిపోయేది. నెల జీతం నెలకు చేతికి రాని పనికి ఏ పెద్దా సిఫారసు చేయకూడదు. పనివాణ్ణి గురించి యజమానికి సాక్ష్యం చెప్పేవాడు, పనిని గురించి పనివానికి కూడా సాక్ష్యం చెప్పాలి.

ఇక ఆ వారంలో ఏమి జరిగిందో చెబుతాను. అబ్బాయిని బుధవారం సాయంకాలం ఇంటికి రమ్మన్నాను. కవరులోని కాగితాలు బల్ల మీద పరిచాము. పదవ తరగతి మార్కుల జాబితాలో పేరు ముందు ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో తండ్రి పేరు పొడి అక్షరం, డిప్లొమాలో రెండూ. ఆంధ్రలో ఇంటిపేరు ముందు రాస్తాము, ఇక్కడ తండ్రి పేరు మొదటి అక్షరం రాస్తారు. మన ఇళ్ళలో చాలామంది పిల్లలు కాగితాల మీద ఇద్దరు ముగ్గురు మనుషులుగా ఉన్నారు. ఏడాదిన్నరగా ఉద్యోగం వెతుకుతున్న పిల్లవానికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. పనిలోకి తీసుకున్నాక కాగితాలు సరిచూసేరోజున ఇది బయటపడితే ఏ ఉత్తరమూ కాపాడదు.

తరువాత తమిళంలో ఒక దరఖాస్తు రాయమన్నాను. మాట్లాడడం గడగడ వచ్చు, రాయడానికి చెయ్యి తిరగలేదు. ఇది సిగ్గుపడవలసిన సంగతి కాదు, సరిదిద్దుకోవలసిన సంగతి. రాష్ట్ర ప్రభుత్వ సర్వీసు కమిషను పరీక్షలలో తమిళ పేపరులో నూటికి 40 రావాలన్న నియమం 2021 డిసెంబరు ఉత్తర్వుతో వచ్చింది. కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంట్లో మాట్లాడింది తెలుగు, రాసింది తమిళం. దక్షిణానికి వలస వచ్చిన తెలుగువారి కథను "గోపల్ల గ్రామం" అని 1976లో ప్రచురించారు. ఆ కథకు కొనసాగింపుగా రాసిన నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. పెద్ద చదువు లేకపోయినా పాండిచ్చేరి విశ్వవిద్యాలయం 1980లలో ఆయనను జానపద సాహిత్య ఆచార్యునిగా పిలిచింది. ఇంటి భాష విడవకుండా ఊరి భాషలో పండితుడు కావచ్చునని ఆయన చూపించారు.

అబ్బాయి లేచేముందు ఒక మాట అడిగాడు. "మాస్టారూ, కమ్యూనిటీ సర్టిఫికెట్టు హిందూ అని తీసుకుంటే త్వరగా వస్తుందని స్నేహితులు అంటున్నారు. మన సంఘంలో కూడా ఉన్నారట కదా?" ఉన్నారు. నేను వారిని రాళ్ళు వేయను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైనవానికి షెడ్యూల్డు కులపు హోదా లేదు. తమిళనాడులో అలాంటివారు వెనుకబడిన తరగతుల జాబితాలో ఉన్నారు. వీధిలో కులం పోలేదు, కాగితం మీద మాత్రం పోయింది. ఈ బాధ నిజమైనది, దానిని మార్చమని బహిరంగంగా అడిగే హక్కు మనకుంది. కాని 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరి ఉద్యోగపు కేసు ఒకదానిలో, క్రైస్తవ విశ్వాసం ఆచరిస్తూ ఉద్యోగం కోసం మాత్రం హిందువునని చెప్పడం రాజ్యాంగానికి మోసమని తీర్పు చెప్పింది. కోర్టు సంగతి అలా ఉంచండి. "నీవు ఎవరు?" అని అడిగిన మొదటి రోజే తప్పు జవాబు చెప్పి మొదలుపెట్టిన ఉద్యోగంలో ముప్ఫై ఏళ్ళు ఎవరైనా తలుపు తడితే ఉలికిపడుతూ బ్రతకాలి. నేను అబ్బాయికి చెప్పింది ఇంతే. "నేను నీ గురించి అబద్ధం రాయను. నీ గురించి నీవు కూడా రాసుకోవద్దు."

శనివారం రాత్రి ఉత్తరం రాశాను. సారాంశం ఇది. "ఈ అబ్బాయిని ఏడేళ్ళుగా ఎరుగుదును. మా మందిరంలో నీటి మోటారు చెడిపోతే రెండుసార్లు విప్పి, బాగుచేసి, మిగిలిన స్క్రూలు కూడా లెక్కగా అప్పగించాడు. నేను చూచాను. మిల్లు యంత్రాల అనుభవం లేదు. వేళకు రావడంలో పోయిన సంవత్సరం వరకు లోపం ఉండేది, ఇప్పుడు మారుతున్నాడు. ఇతనికంటే తగినవాడు వరుసలో ఉంటే అతన్నే తీసుకో. నా మీద గౌరవంతో మాత్రం ఇతన్ని తీసుకోవద్దు. తీసుకుంటే మూడు నెలల తరువాత నాకు ఒక కబురు చెయ్యి. తప్పు జరిగితే నా దగ్గరకే మొదట రా."

ఆదివారం తల్లి ఆ ఉత్తరం చదివించుకొని విన్నది. ఆమె కళ్ళు తడి అయ్యాయి. "ఆలస్యం సంగతి ఎందుకు రాశారు మాస్టారూ? తగినవాణ్ణే తీసుకోమని మీరే చెబితే మావాడి గతి ఏమిటి?" అంది. నా దగ్గర మంచి జవాబు లేదు. ఆకలిగా ఉన్న తల్లికి న్యాయశాస్త్రం చెప్పడం అంత సులభం కాదు. అప్పుడు అబ్బాయి తలెత్తి, "ఉండనీ అమ్మా. మోటారు సంగతి రాశారు కదా, అది నేను చేసిందే" అన్నాడు. అబ్బాయి మాత్రం అందులో తన పనిని చూసుకున్నాడు.

ఈ వ్యాసం రాసేనాటికి మిల్లునుండి కబురు రాలేదు. రావచ్చు, రాకపోవచ్చు. ఈలోగా అబ్బాయి పేరు సరిచేయించుకోవడానికి తిరుగుతున్నాడు, రోజూ ఒక పేజీ తమిళం రాసి తెచ్చి చూపిస్తున్నాడు.

సంఘాల పెద్దలకు ఒక మనవి. ఉత్తరాలు రాయడం మానవద్దు, చూడనిది రాయడం మానండి. దానికి తోడు నెలలో ఒక శనివారం మందిరం తలుపు తీసిపెట్టండి. సంఘస్థులకే కాదు, వీధిలో ఎవరు వచ్చినా కాగితాలు సరిచూడండి, దరఖాస్తు దిద్దండి, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏజెంటు చేతికి ఇవ్వవద్దని చెప్పండి, ఉద్యోగానికి ముందే డబ్బు కట్టమనేవాని దగ్గరకు వెళ్ళనివ్వవద్దు. పనిలో ఉన్నవారు తమ దగ్గర ఖాళీలుంటే ఆ సంగతి అందరి ముందూ చెప్పండి, ఒకని చెవిలో చెప్పవద్దు. నా పాత ఉత్తరం వలన మండీ గడప దగ్గరనుండి తిరిగి వెళ్ళిన ఆ విధవరాలి కొడుకు ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. అతనికి చెల్లించవలసిన బాకీ ఇంకా నా లెక్కలోనే ఉంది. మందిరం తలుపు తీసిన శనివారం అతనిలాంటి వాడొకడు లోపలికి వస్తే, ఆ బాకీలో కొంతైనా తీరుతుందని నా ఆశ.

మీ ప్రార్థనలు కోరుతూ,
మీ సంఘ పెద్ద